పంటి లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడితే చాలు, పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఒక పట్టిక తప్పకుండా కనిపిస్తుంది: 'పంచదారకు బదులు ఏం వాడాలి?' బెల్లం, తాటిబెల్లం, తేనె, ఖర్జూరం, స్టీవియా, షుగర్ ఫ్రీ బిళ్లలు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఎదురుగా కేలరీలకు ఒక గడి, రక్తంలో గ్లూకోజును ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్‌కు ఒక గడి. పంటికి ఏది నయమో చెప్పే గడి మాత్రం ఉండదు. మీ పేజీలోనూ అంతే. ఆ ఖాళీ గడి నింపడానికే దంతవైద్యులం మేమిద్దరం ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైంది, మన్నించాలి. కుదించి వేసుకున్నా ఫరవాలేదు గానీ, బెల్లం గురించీ పిల్లల సిరప్పుల గురించీ రాసినవి కత్తిరించకండి.

చిక్కు మన మాటలోనే ఉంది. తెలుగునాట 'షుగర్' అంటే పంచదార కాదు, జబ్బు. "ఆయనకు షుగరండీ" అంటాం. అందుకే 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్న డబ్బా షుగర్ ఉన్నవాళ్ల మందు అయిపోయింది, రక్తానికి మంచిదైతే పంటికీ మంచిదే అన్న నమ్మకం దాని వెంటే వచ్చేసింది. రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగిందో పంటికి పట్టదు. దానికి కావలసినవి వేరే సంగతులు: నోట్లోని సూక్ష్మజీవులు ఈ తీపిని పులియబెట్టగలవా? అది పంటికి ఎంతసేపు అంటుకుని ఉంటుంది? రోజుకు ఎన్నిసార్లు వస్తుంది? దాని వెంట పులుపు కూడా వస్తోందా? ఈ ప్రశ్నలు అడిగితే పట్టికలోని వరుస తలకిందులవుతుంది.

చిగురు అంచున గోటితో గీరితే తెల్లగా, మెత్తగా వచ్చేదే పాచి. అది మిగిలిపోయిన అన్నం మెతుకు కాదు, బతికున్న బాక్టీరియా పొర. అందులో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే రకం తీపి తగిలిన ఐదు, పది నిమిషాల్లోనే లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. మామూలుగా 7 దగ్గర ఉండే పాచి పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగిందంటే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి రావడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పీహెచ్‌ను మళ్లీ పైకి తేవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. చిగుళ్లు జారి వేరు బయటపడ్డ పెద్దవాళ్ల పళ్ల సంగతి ఇంకా నాజూకు. వేరు మీద ఎనామిల్ ఉండదు కాబట్టి పీహెచ్ 6.2, 6.7 మధ్యకు దిగినా అక్కడ కరగడం మొదలైపోతుంది. అరవై దాటినవాళ్లలో పుచ్చు పంటి పైన కాకుండా చిగురు మొదట్లో కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

మిగతా తీపి పదార్థాలకు లేని గుణం ఒకటి సుక్రోజుకు ఉంది. సుక్రోజు అంటే మన పంచదారే. మ్యూటన్స్ దాన్నుంచి ఆమ్లంతో పాటు గ్లూకాన్ అనే జిగురు కూడా తయారు చేసుకుంటుంది. ఆ జిగురుతో పంటిని పట్టుకుని పొర మీద పొర కట్టుకుంటుంది. పుక్కిలిస్తే పాచి పోకపోవడానికి కారణం ఈ జిగురే.

ఇప్పుడు బెల్లం. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా హైవే పొడుగునా బెల్లం టీ బోర్డులే. అందులో ఇనుము ఉంది, ఖనిజాలున్నాయి అంటారు. కొద్దిగా ఉన్నమాట నిజమే. పాచిలోని బాక్టీరియాకు మాత్రం ఆ ఇనుముతో పని లేదు. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్లు సుక్రోజే, దానికి తోడు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు. తాటిబెల్లం, కొబ్బరి చక్కెర, బ్రౌన్ షుగర్, పటికబెల్లం అన్నీ ఆ కుటుంబమే. తేనెలో సుక్రోజు తక్కువే గానీ నూటికి దాదాపు 70 పాళ్లు గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి, పైగా అది జారిపోకుండా అంటుకుంటుంది. ఖర్జూరం కొరికి ఐదు నిమిషాల తర్వాత దవడపళ్ల గాడుల్లో నాలుకతో తడిమి చూసుకుంటే అది ఎక్కడ ఇరుక్కుందో తెలుస్తుంది. పంచదార వేసిన టీ కంటే బెల్లం టీ పంటికి నయమని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. షుగర్ ఉన్నవాళ్లకైనా అది పెద్ద తేడా కాదు, ఆ సంగతి వాళ్ల డాక్టర్లు చెప్పాలి.

ఫ్రక్టోజు మాటకొస్తే, ఫిన్లండ్‌లోని తుర్కు నగరంలో 1972 నుంచి 1974 దాకా సాగిన ప్రయోగం ఒకటుంది. ఆర్యె షైనిన్, కౌకో మాకినెన్ బృందం 125 మందిని మూడు జట్లు చేసింది. ఒక జట్టు తిండి మొత్తంలో తీపికి పంచదార, రెండో జట్టుకు ఫ్రక్టోజు, మూడో జట్టుకు నోటి బాక్టీరియా పులియబెట్టలేని జైలిటాల్. రెండేళ్ల తర్వాత కొత్తగా పాడైన పంటి ముఖాల లెక్క సగటున పంచదార జట్టులో 7.2, ఫ్రక్టోజు జట్టులో 3.8. జైలిటాల్ జట్టులో సున్నా. ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీ తీసి నిర్ణయించలేదు కాబట్టి ఆ సున్నాను యథాతథంగా నమ్మకూడదు. అయినా 'పండ్ల చక్కెర' కూడా పన్ను పుచ్చిస్తుందనీ, పులియని తీపి పుచ్చించదనీ ఆ మూడు అంకెలు చెబుతున్నాయి.

జైలిటాల్ తెల్లటి పలుకుల్లా, చూడ్డానికి అచ్చం పంచదారలా ఉంటుంది. తీపి కూడా దాదాపు సమానం, కాబట్టి చెంచాకు చెంచా. గ్రాముకు 2.4 కేలరీలు. వ్యాపారానికి ఎక్కువగా మొక్కజొన్న కండెల నుంచి తీస్తారు. మన పంచదార అణువులో ఆరు కార్బన్ల చక్కెరలు రెండు జత కట్టి ఉంటాయి. జైలిటాల్‌లో కార్బన్లు ఐదే. మ్యూటన్స్ దాన్ని లోపలికి లాక్కుంటుంది గానీ అరిగించుకోలేదు. మింగింది పనికిరాక మళ్లీ బయటికి తోయడానికి శక్తి ఖర్చు చేసుకుంటుంది. ఆమ్లం మాత్రం పుట్టదు.

చూయింగ్ గమ్ రూపంలో అయితే ఇంకో లాభం. నమలడం వల్ల లాలాజలం ఊరి, అందులోని బైకార్బొనేటు అంతకు ముందు తిన్న అన్నం, పెరుగు, పచ్చడి తాలూకు ఆమ్లాన్ని విరుస్తుంది. రోజుకు మొత్తం 5 నుంచి 10 గ్రాములు, మూడు నుంచి ఐదు విడతలుగా, తిన్న వెంటనే. జైలిటాలే ప్రధానంగా ఉన్న గమ్ అయితే ఒక్కో బిళ్లలో సుమారు ఒక గ్రాము ఉంటుంది. మూడు పూటలా భోజనం తర్వాత రెండేసి బిళ్లలు, పది నుంచి ఇరవై నిమిషాలు. రోజుకు ఒక్కసారే వేసుకుంటే ప్రయోజనం కనిపించదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'విత్ జైలిటాల్' అని ఉంటుంది. వెనక్కి తిప్పి పదార్థాల వరుస చూడండి. ఏది ఎక్కువ బరువుందో అది ముందు రాయాలన్నది నియమం. మొదట సార్బిటాల్, తర్వాత గమ్ బేస్, తర్వాత మాల్టిటాల్, ఎక్కడో చివర జైలిటాల్ ఉంటే అది పేరుకే. సార్బిటాల్, మాల్టిటాల్ కూడా జైలిటాల్ కుటుంబపు తీపి పదార్థాలే. పేర్ల బదులు అంకెలుంటే ఇవి గుర్తుపెట్టుకోండి: జైలిటాల్ 967, ఎరిత్రిటాల్ 968, సార్బిటాల్ 420, మానిటాల్ 421, ఐసోమాల్ట్ 953, మాల్టిటాల్ 965. సార్బిటాల్ గమ్ చెడ్డదేం కాదు, పంచదార గమ్ కన్నా ఎంతో మేలు. మ్యూటన్స్ దాన్ని నెమ్మదిగా పులియబెట్టగలదు గానీ, నమలడం వల్ల ఊరే లాలాజలం ఆ కొద్ది ఆమ్లాన్ని కప్పేస్తుంది. నోరు ఎండిపోయే జబ్బు ఉన్నవాళ్లు, మందుల వల్ల లాలాజలం తగ్గినవాళ్లు మాత్రం రోజంతా సార్బిటాల్ బిళ్లలు చప్పరించకూడదు. వాళ్లకు జైలిటాల్ బిళ్లలే మేలు. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లు కూడా గమ్ మాని బిళ్ల చప్పరించడం మంచిది. నాలుగైదేళ్లలోపు పిల్లలకు గమ్ అసలు వద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

జైలిటాల్‌ను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. 2013లో వెలువడిన అమెరికా ప్రయోగంలో సుమారు 700 మంది పెద్దల్లో ఒక జట్టు 33 నెలల పాటు రోజుకు 5 గ్రాముల జైలిటాల్ బిళ్లలు, రెండో జట్టు జైలిటాల్ లేని బిళ్లలు చప్పరించాయి. పుచ్చు తగ్గింది పది శాతమే, అదీ గణాంకపరంగా నిలిచే తేడా కాదు. వేరు భాగంలో పుచ్చు మాత్రం 40 శాతం తగ్గింది. అంటే పైన చెప్పిన చిగురు మొదట్లోని పుచ్చు ఉన్నవాళ్లకే అది ఎక్కువ పనికొచ్చింది. 2015లో, జరిగిన ప్రయోగాలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష తేల్చింది ఏమిటంటే, ఫ్లోరైడు పేస్టులో జైలిటాల్ కూడా కలిపితే పిల్లల్లో పుచ్చు 13 శాతం అదనంగా తగ్గవచ్చు, ఆ ఆధారం కూడా బలహీనమే. కాబట్టి పంచదార స్థానంలో వచ్చినందుకు జైలిటాల్ మేలు చేస్తుంది. పంచదార తింటూనే పైన రెండు గమ్ బిళ్లలు వేసుకుంటే చేసే మేలు కొద్దిగానే.

ఫిన్లండ్‌లోనే ఇలివియెస్కా అనే ఊళ్లో జరిగిన పరిశీలన తల్లులకు సంబంధించింది. మ్యూటన్స్ ఎక్కువగా ఉన్న తల్లులు కాన్పైన మూడు నెలల నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా జైలిటాల్ గమ్ నమిలారు. రెండేళ్ల వయసులో ఆ పిల్లల్లో మ్యూటన్స్ కనిపించింది నూటికి పది మందిలోపే. ఫ్లోరైడు వార్నిష్ పూయించుకున్న తల్లుల పిల్లల్లో నూటికి 48 మందికి పైగా. ఈ బాక్టీరియా పుట్టుకతో రాదు, పెద్దవాళ్ల ఉమ్మి నుంచి వస్తుంది. పెరుగన్నం వేడి చూడ్డానికి అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఆ చెంచాతోనే బిడ్డకు తినిపించడం, అమ్మమ్మ కొరికి మెత్తగా చేసి పెట్టడం మనకు ముద్దు. ఆ ముద్దలోనే అదీ వెళ్తుంది. రెండు చెంచాలు పెట్టుకుంటే సరిపోతుంది, గోరుముద్దలు మానక్కర్లేదు.

జైలిటాల్ కుటుంబంలోదే ఎరిత్రిటాల్. అది పంటికి జైలిటాల్ అంత సురక్షితం, కడుపుకు అంతకన్నా సుఖం. తిన్నదాంట్లో తొంభై శాతం దాకా చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లి మూత్రంలో పోతుంది కాబట్టి ఉబ్బరం తక్కువ. జైలిటాల్, సార్బిటాల్, మాల్టిటాల్ అలా కాదు. అరగని భాగం పెద్దపేగుకు చేరి అక్కడ పులుస్తుంది, నీళ్లను లాగుతుంది. సార్బిటాల్ పది గ్రాములకే కొందరికి కడుపులో గుడగుడ మొదలవుతుంది. జైలిటాల్ పెద్దవాళ్లకు రోజుకు ముప్పై, నలభై గ్రాములు దాటితే విరేచనాలు కావచ్చు, పిల్లలకు అంతకన్నా చాలా తక్కువకే. రోజుకు ఐదు గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచుకుంటే పేగు అలవాటు పడుతుంది. మొదటిరోజే గిన్నెడు జైలిటాల్ పాయసం తాగి 'పడలేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ.

గుండె సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2023లో అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని ప్రచురించారు. మరుసటి ఏడాది జైలిటాల్ గురించీ అదే చెప్పారు. ఈ రెండూ మన ఒంట్లో కూడా కొద్దిగా తయారవుతాయి కాబట్టి, రక్తంలో ఉన్నదంతా తిన్నదే అనుకోలేం, అదే కారణమనీ అనలేం. కానీ 30 గ్రాములు ఒక్కసారిగా తాగించినప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరిగినట్టు కూడా వాళ్లు చూపించారు. రోజుకు ఐదారు గ్రాముల గమ్ వేరు, గ్లాసులకొద్దీ తీపి పానీయం, కిలోలకొద్దీ మిఠాయి వేరు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లు వీటితో వంటలు చేసుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఇక బిళ్లలు, చుక్కలు, పొట్లాలు. సాకరిన్ 1879 నుంచి ఉంది. ఆస్పర్టేమ్ పంచదారకు 200 రెట్లు తీపి, సుక్రలోజు 600 రెట్లు, స్టీవియా ఆకు నుంచి తీసిన గ్లైకోసైడ్లు 200 నుంచి 300 రెట్లు. వీటిలో దేన్నీ నోటి బాక్టీరియా పులియబెట్టలేదు. ఐదు గ్రాముల చెంచా పంచదారకు సరిపడే సుక్రలోజు ఎనిమిది మిల్లీగ్రాములు, చెంచా అడుగున కనిపించనే కనిపించదు. అంత కొంచెం పొట్లంలో పోసి అమ్మలేరు కదా! నింపడానికి ఏదో ఒక పొడి కలపాలి. ఆ పొడి చాలా పొట్లాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజు లేదా లాక్టోజు. డెక్స్‌ట్రోజు అంటే గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్‌ను లాలాజలంలోని అమైలేజు నోట్లోనే మాల్టోజుగా విరిచేస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ నియమాల్లో 'షుగర్ ఫ్రీ' అనాలంటే నూరు గ్రాములకు అర గ్రాము మించి చక్కెరలు ఉండకూడదు. అయితే ఆ నియమంలో చక్కెరలంటే ఒంటి, జంట అణువుల చక్కెరలే. మాల్టోడెక్స్‌ట్రిన్ పొడుగు గొలుసు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. కాగితం మీద అబద్ధం లేదు, నోట్లో మాత్రం ఆమ్లం పుడుతుంది. ఒక పొట్లంలో ఉండే గ్రాము పొడి వల్ల వచ్చే ముప్పు రెండు చెంచాల పంచదార కన్నా తక్కువే. అయినా టీకి చుక్కలు, బిళ్లలు ఎంచుకుంటే ఆ మాత్రం కూడా ఉండదు, ఉన్నా మిల్లీగ్రాముల్లోనే.

'షుగర్ ఫ్రీ' బిస్కెట్టు కూడా ఇలాంటిదే. పంచదార తీసేసి మాల్టిటాల్ వేశారు, సరే. మైదా అక్కడే ఉంది. నమిలిన బిస్కెట్టు పిండి దవడపళ్ల గాడుల్లో ముద్దలా అంటుకుని, లాలాజలంతో మాల్టోజుగా మారి, పులుస్తుంది. మధుమేహులకైతే మాల్టిటాల్ గ్లైసీమిక్ ఇండెక్స్ 35 దాకా ఉందన్నది అదనపు చేదు.

భద్రత మాటకు వస్తే, ఆస్పర్టేమ్‌ను 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 'కారకం కావచ్చు' అన్న 2బీ జాబితాలో చేర్చింది. అదే సమయంలో ఆహార సంకలితాల నిపుణుల కమిటీ రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చలేదు. అరవై కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు, తీపిలో సుమారు తొంభై ఆరు చెంచాల పంచదారకు సమానం. ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టకూడదు, ఆ హెచ్చరిక డబ్బా మీదే ఉంటుంది. బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలు వాడొద్దని అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ సూచన మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదు, జైలిటాల్ వంటి పాలియాల్స్‌కూ వర్తించదు. పంటి గురించి కాదు కూడా.

పులుపు సంగతి. డైట్ కూల్‌డ్రింకులో పంచదార లేదు, ఒప్పుకుంటాం. ఫాస్ఫారిక్, సిట్రిక్ ఆమ్లాలు ఉన్నాయి. దాని పీహెచ్ సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉంటుంది. ఇక్కడ బాక్టీరియాతో పనే లేదు, ఆమ్లం నేరుగా ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. పుచ్చు నల్లగా గుంతలా పడుతుంది. ఇది అలా ఉండదు. పంటి మెరుపు పోతుంది, అంచులు పలచబడి గాజులా కనిపిస్తాయి, చల్లనివి జివ్వుమంటాయి. నిమ్మ, నారింజ రుచుల షుగర్ ఫ్రీ బిళ్లలకూ ఇదే తంటా. అలాంటిది తాగితే గడగడా తాగి వదిలేయాలి, పుక్కిట పట్టి చప్పరించకూడదు, వెంటనే బ్రష్ చేయకూడదు. మెత్తబడ్డ పొర బ్రష్‌తో లేచిపోతుంది. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. స్విట్జర్లండ్‌లో 1982 నుంచి గొడుగు పట్టిన పంటి బొమ్మ ఉన్న మిఠాయిలు అమ్ముతున్నారు. తిన్న అరగంటలో పాచి పీహెచ్ 5.7 కన్నా కిందికి దిగకూడదు, పులుపు వల్ల అరుగుదలా ఉండకూడదు, అప్పుడే ఆ గుర్తు ఇస్తారు. మన కిరాణా కొట్లలో శాకాహార పచ్చచుక్క వెతికినంత తేలిగ్గా ఇలాంటి గుర్తు వెతుక్కోగలిగితే ఈ ఉత్తరంలో సగం రాయక్కర్లేదు.

పండగ వంటలోకి వద్దాం, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. నువ్వుల ఉండలకు పాకం నీళ్ల గిన్నెలో వేస్తే గట్టిపడి, తీసి కంచానికి కొడితే టంగుమనాలి. ఎరిత్రిటాల్‌తో ఆ పాకం రాదు. కరుగుతుంది, కానీ చల్లారుతున్నకొద్దీ మళ్లీ పలుకులు కట్టి, ఉండ ఇసుకలా రాలిపోతుంది. జైలిటాల్ పాకం గట్టిపడక మెత్తగా, జిగురుగా ఉండిపోతుంది. అరిసెల చలిమిడికీ ఇవి రెండూ పనికిరావు, అరిసె నూనెలోనే విడిపోతుంది. గట్టిగా పగిలే పాకానికి ఐసోమాల్ట్, మెత్తని పాకానికి మాల్టిటాల్ కొంత దగ్గరగా వస్తాయి. పూర్తిగా కావు, రంగూ రాదు, బెల్లం వాసనా రాదు. మా మాట వింటే అరిసెలు బెల్లంతోనే చేసుకోండి. భోజనంలో భాగంగా తినండి, డబ్బా దగ్గరికి పూటకు నాలుగుసార్లు నడవకండి.

పాయసం, సేమ్యా, రవ్వకేసరి, పాలకోవా లాంటి వాటికి ఇబ్బంది లేదు. జైలిటాల్ అయితే పంచదార కొలతే. ఎరిత్రిటాల్ తీపి పంచదారలో అరవై, డెబ్భై శాతమే కాబట్టి కప్పుకు కప్పున్నర దాకా పడుతుంది, లేదా కప్పు ఎరిత్రిటాల్‌తో పాటు స్టీవియా కొద్దిగా. పలుకులుగా వేయకండి, మిక్సీలో మెత్తగా పొడి చేసి, స్టవ్ కట్టేశాక వేడిమీదే కలపండి. ఫ్రిజ్‌లో పెడితే అడుగున పలుకులు తేలతాయి, కాస్త వెచ్చచేస్తే పోతాయి. సున్నుండల్లో ఇవి వేస్తే నోట్లో పిప్పరమెంటు పెట్టుకున్నట్టు చల్లగా తగులుతుంది. కరిగేటప్పుడు వేడిని లాక్కోవడం వాటి గుణం, పిండి చెడిపోయిందని పారేయకండి. ఈస్టు జైలిటాల్‌ను తినదు కాబట్టి బన్ను పిండి దాంతో పొంగదు. ఆస్పర్టేమ్ ఎక్కువసేపు మరిగితే తీపి పోతుంది, టీ దించాకే వేయాలి. సుక్రలోజు టీకి బాగుంటుంది, బూరెల పూర్ణానికీ ఓవెన్‌కూ వద్దు. 120 డిగ్రీలు దాటిన వేడిలో హానికర పదార్థాలు పుట్టే అవకాశముంది.

ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ డబ్బా అలమర పై అరలో పెట్టండి. కుక్క బరువులో కిలోకు 0.1 గ్రాము చాలు, రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. అదే కిలోకు అర గ్రాము దాటితే కాలేయం దెబ్బతింటుంది. పది కిలోల కుక్కకు ఒక్క గమ్ బిళ్ల ఎక్కువే.

రోజూ నడిచే లెక్క టీది. చెంచా పంచదార నాలుగైదు గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులంటే 32 నుంచి 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంతలో ఉంటే మేలన్న 25 గ్రాములు టీలోనే దాటిపోయాయి. పంటికి గ్రాముల కన్నా 'నాలుగు' ముఖ్యం. స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల్లో మానసిక వికలాంగుల మీద, వాళ్ల అనుమతి లేకుండా చేసిన ప్రయోగం నేటి నీతి ప్రమాణాల్లో క్షమించరానిదే. కానీ భోజనంతో తిన్న పంచదార కన్నా మధ్యమధ్య తిన్న అంటుకునే టాఫీ పళ్లను ఎన్నో రెట్లు పాడుచేస్తుందన్నది అక్కడే తేలింది. కంప్యూటర్ పక్కన పెట్టుకుని అరగంట గుక్కగుక్కగా తాగే టీ ఆ టాఫీ లాంటిదే. నాలుగు కప్పుల్లో భోజనాలకు దూరంగా తాగే రెండింటికి చుక్కలు వేసుకుని, మిగతా రెండూ మామూలుగా తాగినా పంటికి పెద్ద తేడా వస్తుంది. పాలలోని లాక్టోజు కూడా కొద్దిగా పులుస్తుంది గానీ పాలలోని కాల్షియం, కేసీన్ అనే ప్రొటీను దానికి విరుగుడు. దాని గురించి బెంగ పడకండి.

హోటల్లో భోజనం చేసి చేయి కడుక్కుని వచ్చేసరికి బిల్లు పళ్లెంలో రంగురంగుల సోంపు, పక్కన పటికబెల్లం పలుకులు. అప్పటికే నోట్లో పడ్డ ఆమ్లాన్ని లాలాజలం విరుస్తున్న సమయంలో పంచదార పూత! వేయించిన ఉత్త సోంపు అడిగితే చాలా హోటళ్లలో ఇస్తారు. తీపి వక్కపొడి గురించి రాయం, వక్కే మానాల్సినప్పుడు దాని తీపి గురించి మాట్లాడటం దండగ.

తీపి మార్చడం దాడిని ఆపుతుంది, పాడైనదాన్ని బాగుచేయదు. ఆ పని ఫ్లోరైడుది. ఫ్లోరైడు 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి) ఉన్న పేస్టు, రాత్రి తప్పనిసరి, ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో కడిగేసుకోకూడదు. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల వాళ్లు ఫ్లోరైడు అంటే భయపడటం సహజమే. అక్కడి ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగిన నీళ్ల వల్ల వచ్చింది, ఉమ్మేసే పేస్టు వల్ల కాదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, మింగకుండా పక్కన పెద్దవాళ్లుండాలి.

పిల్లలకు పంచదార బదులు సుక్రలోజు పాలు అలవాటు చేయడం మాకు సమ్మతం కాదు. తీపి తగ్గించడమే అక్కడ మార్గం, వారానికి పావుచెంచా చొప్పున. పంచదార కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు ముందు పైవరస నాలుగు పళ్లు చిగురు అంచున సుద్దలా తెల్లబడతాయి, తర్వాత గోధుమరంగు, తర్వాత విరిగిపోతాయి. తెల్లబడ్డప్పుడు వస్తే ఆపగలం.

ఎవరూ అడగనిది సిరప్పు. మూర్ఛకు, ఉబ్బసానికి, రక్తహీనతకు నెలల తరబడి వాడే పిల్లల మందుల్లో తీపి కోసం వేసేది చాలావాటిలో పంచదారే. సీసా మీద చిన్న అక్షరాలతో 'ఫ్లేవర్డ్ సిరపీ బేస్' అని ఉంటే పంచదార పాకం ఉందనే అనుకోండి. సార్బిటాల్ బేస్‌తోనో, షుగర్ ఫ్రీ బేస్‌తోనో అదే మందు దొరుకుతుందేమో డాక్టరును అడగండి. మందుల షాపులో సొంతంగా మార్చుకోకండి, మోతాదు తేడా రావచ్చు. దొరక్కపోతే, డాక్టరు వేరే సమయం చెప్పకపోతే, భోజనంతో పాటు ఇచ్చి రెండు గుక్కలు నీళ్లు తాగించండి. రాత్రి డోసు మాత్రం బ్రష్ చేయించాక ఇవ్వకండి. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, ఆ చెంచా పాకం తెల్లారేదాకా పళ్ల మీదే ఉంటుంది. ముందు మందు, తర్వాత బ్రష్, తర్వాత పక్క.

ఇట్లు,
ఇద్దరు దంతవైద్యులు,
గుంటూరు